యెర్కో తప్పులు

రాత్రి తొమ్మిదయ్యేసరికి
రొట్టెల డబ్బా మీద ఫోను
ఒక్కసారి ఒళ్ళు దులుపుకుంటుంది.
"యెర్కో, ఈరోజు పాఠం మర్చిపోయావా?
పన్నెండువందల పదకొండు రోజుల వరస
తెగిపోతుంది సుమా!"

యెర్కో మర్చిపోలేదు.
యెర్కో పోయి ఏడు నెలలు.

ఒర్తెన్సియా చేతుల సబ్బు నురగ
గౌనుకి తుడుచుకుని
కళ్ళజోడు కోసం వెతుక్కుంటుంది.
అది నెత్తిమీదే ఉంటుంది.

పుంతా అరేనాస్‌లో గాలికి మర్యాద తెలియదు.
కూడళ్ళలో తాళ్ళు కడతారు,
మనుషులు పట్టుకుని వీధి దాటడానికి.
ఆ ఊళ్ళో ముప్పైయేళ్ళు గ్యాసు మీటర్లు చదివి
రిటైరయ్యాక యెర్కోకి పట్టిన పిచ్చి ఇది:
తాత ఓడెక్కుతూ అవతలి రేవులో వదిలేసిన
క్రొయేషియన్ భాషని
రోజుకి ఐదు నిమిషాల చొప్పున
వాయిదాల మీద వెనక్కి తెచ్చుకోవడం.
బ్యాంకు క్యూలో, బాత్రూములో,
చివరికి డయాలిసిస్ కుర్చీలో కూడా.
"చల్లారిపోతోంది, రా" అని ఆమె అరిస్తే
"క్రుహ్!" అని జవాబొచ్చేది.
రొట్టె అట.
మనిషి మాత్రం వచ్చేవాడు కాదు.

శవపేటిక ఇంకా ముందుగదిలో ఉన్న రాత్రి
ఆమె దాన్ని మొదటిసారి ముట్టుకుంది,
ఆ అంకె కోసమే.
రాతి మీద చెక్కమని పొద్దున రెండు తేదీలు రాసిచ్చింది.
ఇదొక్కటే ఇంకా పెరిగేలా ఉంది.
తోచింది నొక్కింది.
తెర నిండా రంగుకాగితాలు రాలాయి.
"శభాష్ యెర్కో!"
ఆ మెచ్చుకోలు ఎక్కడ పెట్టాలో తెలియక
వెళ్ళి గిన్నెలు తోమింది.

తర్వాత అలవాటైంది,
పిలవని చుట్టం చెప్పులు విప్పి
లోపలికొచ్చినట్టు.
మోరె అంటే సముద్రం.
బూర అంటే గాలి, ఆ ఊళ్ళో అది ఇట్టే వంటబట్టింది.

జూన్‌లో ఒకసారి తుఫానుకి కరెంటు పోయింది, నెట్ పోయింది.
పదకొండూ నలభైకి కోటు తొడుక్కుని
తాడు పట్టుకుని
పెట్రోలు బంకు దాకా నడిచింది.
గోడవార అప్పటికే ముగ్గురున్నారు,
తలో గడ్డం కింద తలో నీలి దీపం.
పేకాట ఆడుకుంటున్న టాక్సీ డ్రైవరు,
కొడుక్కి ముద్దు పంపించాల్సిన నర్సు,
ఎందుకొచ్చాడో తనకే తెలియని కుర్రాడు.
ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు.
ఫోను అడిగింది. అనువదించండి:
"నా భర్త ఇంట్లో లేడు."
ఒక్క తప్పు లేకుండా రాసింది.
రంగుకాగితాలు రాలాయి.

ఆ ఫోనులో ఒక అర ఉంది.
'మీరు తరచూ తడబడే మాటలు' అని దాని పేరు.
అవి ఆమెవి కావు.
పంతొమ్మిది మాటలు,
యెర్కో నాలుక తట్టుకుని పడ్డ పంతొమ్మిది రాళ్ళు,
యంత్రం ఒక్కటీ పోనివ్వకుండా ఏరి దాచింది.
భుజాన్ని మోకాలనేవాడు.
బుధవారాన్ని మంగళవారం చేసేవాడు.
ముప్పైయెనిమిదేళ్ళ కాపురంలో
అలాంటి జాబితా ఆమె దగ్గరా ఉండేది,
ఇంత శ్రద్ధగా రాసిపెట్టుకోలేదు, అంతే.

వరసగా మూడుసార్లు సరిగ్గా చెబితే
ఆ మాట జాబితాలోంచి వెళ్ళిపోతుంది.
ఆ సంగతి ఆమెకి తెలిసేసరికే
పద్దెనిమిది వెళ్ళిపోయాయి.

మిగిలింది ఒక్కటి. సూత్ర.
మన చెవికి దారంలా వినబడుతుంది గానీ
వాళ్ళకి దాని అర్థం రేపు.
యెర్కో ప్రతిసారీ నిన్న అని నొక్కేవాడు.
ఆమె ఇప్పటికే రెండుసార్లు సరిగ్గా చెప్పేసింది.

ఈ రాత్రి మళ్ళీ అడుగుతోంది.
గాలి కిటికీ అద్దాన్ని భుజంతో తోస్తోంది.
(మోకాలితో, అనేవాడు.)
రేపు అని తెలుసు. వేలికి కూడా తెలుసు.

నిన్న, అని నొక్కింది.

తెర ఎర్రబడి, ఒక గుండె తగ్గించి,
"ఫర్వాలేదు యెర్కో,
దీన్ని మళ్ళీ అడుగుతాను" అంది ఫోను.

అడుగు, అంది ఒర్తెన్సియా
స్పానిష్‌లో.